యంత్రం కొనే ముందు నాలుగు ప్రశ్నలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి కంప్యూటర్లు ఇవ్వాలని, పాత అడ్మిషన్ రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించాలని మన సంఘం అనుకుంటున్నది. మంచి ఆలోచన. చందా రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఉద్యోగమంతా ఇటువంటి పనుల్లోనే గడిపినవాణ్ని కాబట్టి, కొనుగోలుకు పోయే ముందు కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఒక సంస్థలో స్టోర్స్ లెక్కలు కంప్యూటర్‌లో పెట్టే బాధ్యత నాకు వచ్చింది. అధికారులతో ఎన్నో సమావేశాలు పెట్టాను. సామాను చేతికిచ్చే స్టోర్‌కీపర్‌తో ఒక్కసారి కూడా కూర్చోలేదు. మూడు నెలలకు తెర మీద లెక్క ఒకటి, అరలో సామాను ఇంకొకటి. చివరికి ఆయన్నే అడిగితే కారణం తెలిసింది. రాత్రి షిఫ్టులో మెషీన్ ఆగిపోతే చీటీ మీద బేరింగ్ ఇచ్చేస్తారు, పై అధికారి సంతకం తెల్లారి వస్తుంది. మా ప్రోగ్రామేమో సంతకం లేనిదే సామాను కదలనివ్వదు. ఆయన ఏం చేస్తాడు? కంప్యూటర్‌ను పక్కన పెట్టి తన నోటుబుక్కులో రాసుకున్నాడు. రాత్రి చీటీకి ప్రోగ్రామ్‌లో చోటు ఇచ్చాక గానీ లెక్క కలవలేదు. తప్పు ఆయనది కాదు, అడగని నాది.

ఇక మనందరికీ తెలిసిన సంగతికి వస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ అనే కంప్యూటర్ పద్ధతి తెచ్చింది. 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో మొదలైంది. అంతకు ముందు దస్తావేజును చేతితో పెద్ద పుస్తకాల్లోకి నకలు రాసేవారు. ఈసీ కావాలంటే ఆ పాత పుస్తకాలన్నీ తిరగేయాల్సిందే. కంప్యూటర్ పెట్టినంత మాత్రాన ఈసీ రాదు కదా, పాత వివరాలు అందులో ఉండాలి. అందుకని వెనకటి పదిహేనేళ్ల వివరాలు కూర్చొని ఎక్కించారు. ఈనాటికీ ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే దొరకడం మీరు చూసే ఉంటారు. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పుస్తకం తీయించాల్సిందే. ఎంతవరకు ఎక్కించాలో ఆనాడు గీసిన గీత ఇన్నేళ్లకూ చెరగలేదు.

రెండోది ధరణి. 2020 అక్టోబరు 29న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేరోజు తహసీల్దార్ ఆఫీసులోనే కావడం రైతుకు పెద్ద వెసులుబాటు. కానీ అందులోకి చేరిన రికార్డుల్లోనే తప్పులున్నాయి. ఒకరి విస్తీర్ణం తగ్గింది, ఒకరి పేరు లేదు, ఒకరి పట్టా భూమి నిషేధిత జాబితాలో పడింది. తప్పు దిద్దే మార్గాలు మొదటిరోజే సిద్ధంగా లేవు, తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. కింది ఆఫీసులో అప్పీలుకు దారి లేక సివిల్ కోర్టు మెట్లెక్కినవాళ్లు ఉన్నారు. 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైన భూభారతి చట్టంలో మళ్లీ అప్పీలుకు చోటు పెట్టారు. రాజకీయం పక్కన పెట్టి, పనిగా చూస్తే నాకు అర్థమైంది ఇదే: ఎక్కించే దారి ఎంత ముఖ్యమో, దిద్దే దారి కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు మన బడి రిజిస్టర్ దగ్గరికి వద్దాం. మనలో ఎంతమందికి జూన్, జూలై నెలల్లో పుట్టినరోజులో ఒకసారి చేతులెత్తండి! మా అమ్మ వానలు పడ్డ రోజులని చెప్పింది, సార్ ఒక తేదీ వేశారు. ఆ తేదీయే పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి ఉద్యోగంలోకి, పెన్షన్‌లోకి పోతుంది. ఎక్కించే పిల్లవాడు 1 బదులు 7 కొడితే ఒకరి రిటైర్మెంట్ కదిలిపోతుంది. ఈనాటి పిల్లలకైతే ఆధార్‌లో పేరు, బడిలో పేరు ఒక్క అక్షరం కలవకపోయినా ‘అపార్’ గుర్తింపు సంఖ్య దగ్గర చిక్కే.

ఇంకొక సంగతి. 2016 అక్టోబరు 11న హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే రాష్ట్రం మారింది. పాత విద్యార్థి వివరాల్లో ‘కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే అలాగే ఉంచాలి. ఇప్పటి జిల్లా పేరుకు వేరే గడి పెట్టుకోవాలి. కొత్తది రాయడానికి పాతది చెరపొద్దు.

అందుకని సంఘం ముందు నాలుగు ప్రశ్నలు పెడుతున్నాను.

ఒకటి, దీనివల్ల ఎవరి పని తేలిక కావాలి? టీసీ, బోనఫైడ్ రాసే గుమస్తాతో ఒకరోజు కూర్చుందాం.

రెండు, ఎవరు ఎక్కిస్తారు, ఎవరు సరిచూస్తారు? ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదు.

మూడు, తప్పు దొరికితే దిద్దే అధికారం ఎవరిది? హెడ్‌మాస్టర్ గారి సంతకం, తేదీ, కారణం లేకుండా ఒక్క అక్షరం కూడా మారకూడదు.

నాలుగు, ఐదో ఏట బ్యాటరీలు, ఇంటర్నెట్, మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ప్రారంభోత్సవానికి ఫొటో దిగే దాతలు దొరుకుతారు, బ్యాటరీ మార్చడానికి దొరకరు. వసూలైన డబ్బులో సగం బ్యాంకులో వేద్దామని నా మనవి.

ముందు ఒకే ఒక్క సంవత్సరం రిజిస్టర్‌తో మొదలుపెడదాం. కావాలంటే మా బ్యాచ్‌దే తీసుకోండి, తప్పులు పోతే మా మీదే పోతాయి. ప్రతి పేజీ ఫొటో తీసి దాచుదాం. అసలు పుస్తకం బీరువాలో భద్రంగా ఉండాలి. పిల్లల వివరాలు బడి దాటి బయటకు పోకూడదు, మన వాట్సాప్ గ్రూపులోకి అసలే రాకూడదు. ఆ ఒక్క ఏడు సరిగ్గా కుదిరితే మిగతావి చేద్దాం. కుదరకపోతే ఎందుకు కుదరలేదో తెలుస్తుంది, డబ్బు మిగులుతుంది.

సరిచూసే పనికి రిటైరైన మన సార్లు కూర్చుంటామంటే అంతకన్నా అదృష్టం లేదు. ఆ రిజిస్టర్లలో చాలా పేర్లు వారి చేతిరాతే. లెక్క అయిందని పలక చూపిస్తే, “సరిచూసుకున్నవా?” అని వెనక్కి పంపేవారు. ఇప్పుడు మా లెక్క మీరే చూడాలి సార్.

సెలవు.