నకలు నుండి అసలుకు ఎన్ని గంటలు?
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పాఠశాలకు అడ్మిషన్ రిజిస్టరే ప్రాణం. ఎన్నడో చదివి వెళ్ళినవారు పుట్టినతేదీ ధ్రువపత్రం కోసం వస్తే వెదకవలసినది అందులోనే. నేడు అటువంటి వివరాలు కంప్యూటరు డేటాబేసులకు చేరుతున్నవి. ‘బ్యాకప్ ఉన్నది’ అనగానే అందరూ తృప్తి చెందుతారు. అసలు పాడైననాడు ఆ నకలునుండి తిరిగి నిలబెట్టడానికి ఎంత కాలం పడుతుందని అడిగేవారు అరుదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన సంఘటన గమనింపదగినది. ప్రోగ్రాములు రాసేవారు తమ పనిని భద్రపరచుకొనే వేదిక అది. ఆ రాత్రి ఒక ఇంజనీరు ఒక సర్వరుకు బదులు మరొక సర్వరులోని డేటాబేసును తొలగించారు. పొరపాటు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లు పోయినవి. నిత్యం తీయవలసిన నకళ్ళకోసం చూస్తే దాచిన చోటు శూన్యం! నకలు తీసే ప్రోగ్రాము పాత కూర్పుది, డేటాబేసు కొత్త కూర్పుది. పొసగక ఆ పని విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలుపవలసిన ఈ-మెయిళ్ళు సైతం తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన నకలు ఒకటి దొరకడం కేవలం అదృష్టం.

అది దొరికినా కష్టం తీరలేదు. అది ఉన్న డిస్కుల వేగం సెకనుకు 60 మెగాబిట్లే. కాగితం మీద లెక్కిస్తే 300 గిగాబైట్లకు 11 గంటలు; అక్కడ పట్టినది సుమారు 18. నడుమ చేరిన దాదాపు 700 కొత్త ఖాతాలు, 5000 వ్యాఖ్యలు తిరిగి రాలేదు. ఏదీ దాచక ఇవన్నీ ప్రకటించిన ఆ సంస్థ నిజాయితీ మెచ్చదగినది.

కనుక అంచనాకు ఆధారం గడియారమే. వేరొక కంప్యూటరులో, నకలునుండి డేటాబేసును నిజంగా నిలబెట్టి చూడాలి. ఆ పనిని ఏర్పాటు చేసినవారు కాక, మరొకరు రాతపూర్వక సూచనలు చదువుకొంటూ చేయాలి. నకలు వెదకడానికి, ఎక్కించడానికి, ఆ తరువాతి మార్పుల చిట్టాను తిరిగి నడిపించడానికి, సరిచూడడానికి పట్టిన సమయాలు విడివిడిగా రాసుకోవాలి. ఎక్కించే సమయం డేటా పరిమాణంతో పెరుగుతుంది. చిట్టా సమయం నకలు ఎంత పాతదో దానిని బట్టి పెరుగుతుంది. వారానికొక నకలు తీసేచోట ఆరవరోజు ప్రమాదానికి పట్టే కాలం మొదటిరోజు కంటె ఎంతో ఎక్కువ కావచ్చు. మూడుమార్లు పరీక్షిస్తే సగటును కాక, అన్నిటికంటె ఎక్కువ పట్టిన సమయాన్నే చెప్పడం మేలు. పాస్‌వర్డు తెలిసినవారు ఊరిలో లేకపోతే, వారిని పట్టుకొనడానికి పట్టే సమయమూ లెక్కలోనిదే!

సరిచూడడమంటే తెర వెలిగిందా అని కాదు. మొత్తం పేర్ల సంఖ్య పోల్చాలి. అన్నిటికంటె పాత పేరొకటి, నిన్న చేరిన పేరొకటి తెరచి చూడాలి. పాఠశాలలలో ఈ పరీక్షకు అనువైన సమయం వేసవి సెలవులు. ఫలితాలు వెలువడి, బదిలీ పత్రాలకై తల్లిదండ్రులు వరుస కట్టేలోగా దీనిని ముగించాలి.