లెక్క చూపుట దయ కాదు, విధి
(చోడవరపు పఠనమందిరమున చదివిన ప్రసంగ పాఠము)



చెఱకు పండించువారికి కాటా విలువ తెలియును. బండి యెంత తూగినదో కన్నులార చూడనిదే రైతు చీటీని నమ్మడు. ఈ మెలకువను మనము మహాసంస్థల యెడలను చూపవలెనని మా మనవి.

2009 జనవరి 7వ తేదీని మఱవరాదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు రామలింగరాజు ఆనాడు తానే లేఖ వ్రాసి, పద్దులలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని యొప్పుకొనెను. అంతవఱకు ఆడిటర్లు సంతకములు చేయుచునే యుండిరి. వాటాదారులు నమ్ముచునే యుండిరి. ఆ యనుభవము పిమ్మట, పెద్ద కంపెనీలు తమ ఆడిటర్లను నియతకాలమున మార్చవలెనని 2013 కంపెనీల చట్టము శాసించినది.

అది ధనపు లెక్క. నేడు మన ముంగిట నీటి లెక్క నిలిచినది. విశాఖలో డేటా కేంద్రమునకై ఐదేండ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు వెచ్చించెదమని 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ప్రకటించెను. ప్రతిపాదిత స్థలములలో, 2022లో విశాఖ జిల్లానుండి విడివడిన మన అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లియు నొకటి. పరిశ్రమ వచ్చుట మాకును సంతోషమే. కాని యిట్టి కేంద్రములకు విద్యుత్తు అపారముగా కావలెను. యంత్రములను చల్లబఱచుటకు నీరును కావలసివచ్చును. ఏలేరు కాలువపై విశాఖ నగరమును ఉక్కు కర్మాగారమును ఇదివఱకే ఆధారపడియున్నవి.

షేరు బజారున నమోదైన కంపెనీలలో మొదటి వేయింటికి, తాము వాడిన నీరు, విద్యుత్తు ప్రకటింపవలెనని 2022-23 నుండి సెబీ విధించినది. కాని విదేశసంస్థ యిచ్చట నెలకొల్పు అనుబంధ కంపెనీ బజారున నమోదు కానిచో, ఆ విధి దానికి తగులదు. ఈ సందును పూడ్పవలెను.

లెక్క దాచిన నేమగునో అమెరికా చూచినది. ఆరిగన్ రాష్ట్రమందలి ది డాలెస్ పట్టణము, గూగుల్ వాడు నీటి లెక్క వ్యాపార రహస్యమని, దాని నడిగిన ఆరిగోనియన్ పత్రికపై న్యాయస్థానమున కెక్కెను. 2022 డిసెంబరులో రాజీపడి లెక్క వెల్లడింపగా, పట్టణపు నీటిలో నాలుగవవంతుకు పైగా ఆ సంస్థయే వాడుచున్నట్లు తేలెను.

కావున మనము కోరవలసినది స్పష్టము. నమోదైనను కాకున్నను, ప్రతి పెద్ద సాంకేతిక సంస్థయు ప్రతి కేంద్రమునకును వేఱువేఱుగా, ఏ నీరెంత, విద్యుత్తెంత, ప్రభుత్వపు రాయితీ యెంతయో యేటేట ప్రకటింపవలెను. ఆ లెక్కను స్వతంత్రులు తనిఖీ చేయవలెను. అది తెనుగున పంచాయతీ కార్యాలయమున వ్రేలాడవలెను. భూమియు నీరును ఇచ్చువారము మనము. కాటా చూచు హక్కును మనదే.