జనం ఎటున్నరో చూసి నిలబడాలె
నాటక శిక్షణ శిబిరంల కొత్త నటులతోని మాట్లాడిన ప్రసంగ పాఠం



నాటకం నేర్చుకుందామని వచ్చినోళ్ళల్ల విద్యార్థులున్నరు, డ్యూటీ దిగి నేరుగ వచ్చిన ఉద్యోగులున్నరు. అందరూ మమ్మల్ని మొదలు అడిగేది ఒక్కటే: డైలాగులు ఎప్పుడిస్తరు? డైలాగు కంటె ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. చూసేటోళ్ళు ఎక్కడుంటరు? అది తెలిసినంకనే నటుడు ఎక్కడ నిలబడాల్నో, ఎటు నడవాల్నో తేలుతది. ఆ నిలబడే చోట్లు, నడిచే దార్లు ముందే ఖాయం చేసుకునుడునే బ్లాకింగ్ అంటరు.

రవీంద్రభారతి వంటి ఆడిటోరియం తీసుకుందాం. జనం ఒక్క దిక్కే కూసుంటరు. ఎదురుంగ పెద్ద చట్రం, దానికి తెర. దీన్ని ప్రొసీనియం స్టేజ్ అంటరు. ఇటలీల పార్మా నగరంల 1618ల కట్టిన ఫార్నేసే నాటకశాల దీనికి తొలినాటి ఉదాహరణలల్ల ఒకటి. పంతొమ్మిదో శతాబ్దంల పార్శీ కంపెనీలు ఇసొంటి వేదికను మన దేశంల ఊరూరికి తిప్పినయి.

ఇక్కడ కుడి ఎడమలు నటునివి, ప్రేక్షకునివి కావు. జనం దిక్కు మొకం పెట్టి నిలబడితే మన కుడిచెయ్యి దిక్కు స్టేజ్ రైట్. జనానికి దగ్గరున్నది డౌన్ స్టేజ్, వెనక తెర దిక్కున్నది అప్ స్టేజ్. వెనకట యూరపు నాటకశాలలల్ల వేదిక వెనక ఎత్తుగ, ముందు వాలుగ ఉండేది. ఆ పేర్లు అట్ల వచ్చినయి. వేదికను అడ్డం మూడు, నిలువు మూడు, మొత్తం తొమ్మిది గడులు చేసుకోండ్రి. ఏ మాటకు ఏ గడిల ఉంటరో స్క్రిప్టు పక్కన పెన్సిలుతోని రాసుకోండ్రి. రిహార్సల్‌ల అది మారుతనే ఉంటది.

ఇద్దరు పూర్తిగ ఎదురెదురు నిలబడి మాట్లాడితే జనానికి సగం మొకమే కనవడతది. అందుకే కొంచెం జనం దిక్కు తిరగాలె. ఇంకొకరు మాట్లాడంగ ఉత్తగ కదలొద్దు. చూసేటోని కన్ను కదిలినోని మీదికే పోతది. ప్రతి అడుగుకు కారణం ఉండాలె. దొర నడిమిట్ల కుర్చీల కూసున్నడు, రైతు ముందు మూలకు నిలబడ్డడు అనుకోండ్రి. ఆ ఇద్దరి నడుమ ఉన్న జాగనే కథ. మొదటి రంగంలనే రైతు కుర్చీ దాక నడిస్తే ఆఖరి రంగంల వేసేటందుకు అడుగే మిగలది.

ఇదే నాటకం బొడ్రాయి కాడ ఆడితే? జనం చుట్టూ ఉంటరు. తొమ్మిది గడుల లెక్క చెల్లది. ఎటు తిరిగినా ఒకరికి వీపే. అందుకే ఒక్క తావుల ఎక్కువసేపు ఆగొద్దు. ఇద్దరు మాట్లాడేటప్పుడు నడుమ దూరం పెట్టాలె, అప్పుడు ప్రతి దిక్కుకు ఒక్కరి మొకమన్న అందుతది. ముఖ్యమైన మాటను అంచుకు పోయి, లోపటి దిక్కు తిరిగి చెప్తే ఎక్కువమందికి కనవడతది. వచ్చిపోయేటందుకు జనం నడుమ తొవ్వ ఇడవాలె.

ఇది మనకు కొత్త ఇద్య కాదు. బుర్రకథల కథకుడు నడుమ, వంతలు చెరొక దిక్కు. అది బ్లాకింగే. ఒగ్గుకథల కథ చెప్పే మనిషే నిలబడ్డ తావుల పాత్ర అయితడు. ఢిల్లీల జన నాట్య మంచ్ 1978ల ఆడిన మెషీన్ నాటకంల నటుల ఒళ్ళే యంత్రం. సెట్టు లేదు, తెర లేదు. ఎటునుంచి చూసినా అర్థమయితది.

ఆ బృందంలోని సఫ్దర్ హాష్మీ 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌ల వీధి నాటకం ఆడంగ జరిగిన దాడిల గాయపడి తెల్లారి కన్నుమూసిన్రు. జనవరి 4న తోటి కళాకారులు అదే జాగకు పోయి, ఆగిన నాటకాన్ని పూర్తిగ ఆడిన్రు. నటుడు ఎక్కడ నిలబడాలె అన్నది ఒక్కోపారి పానం మీది ముచ్చట.

అందుకే ప్రదర్శనకు గంట ముందు పోండ్రి. ఆఖరి వరుసల, పక్క మూలకు, పిల్లలు కూసునే నేల మీద కూసోని వేదికను చూడుండ్రి. వెనక నిలబడ్డ ముసలవ్వకు మన మొకం కనవడకపోతే, మనం ఎంత గట్టిగ చెప్పినా ఆమెకు చెప్పనట్టే.