ఊడిన కొలువుకు సర్కారు సాయం ఎవరి పేర?

(సికింద్రాబాద్ కార్మికుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే ఫ్యాక్టరీ 2018లో తెరిచిండ్రు. పేపర్లన్నీ గొప్పగా రాసినయి. సంతోషమే. కానీ విమానాల పని ఎప్పుడు ఉంటదో, ఎప్పుడు పోతదో మన చేతుల లేదు. 2020లో కరోనా వచ్చి విమానాలు నేలమీదనే నిలబడ్డయి. ఎగరని విమానానికి కొత్త భాగాలు ఎవరు కొంటరు?

అప్పుడు అమెరికా సర్కారు ఏం చేసింది? 2021లో విమాన భాగాలు చేసే కంపెనీలకు 300 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. అర్హులైన కార్మికుల జీతంలో సగం ఆరు నెలల దాకా సర్కారు ఇస్తది, తక్కిన సగం కంపెనీ భరించాలె, అన్ని రోజులు వాళ్లను తీసెయ్యరాదు. షావుకార్ల దేశమే ఆ షరతు పెట్టింది!

మరి మన దగ్గర? 1943లో బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తున్న కాలంలోనే ఈఎస్‌ఐకి పునాది పడింది. ఆ ఈఎస్‌ఐ కింద 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పెట్టిండ్రు. పని పోయినోళ్లకు సగటు కూలిలో పావు వంతు. 2020లో దాన్ని సగం చేసిండ్రు. అది కూడా 90 రోజులే, బతుకులో ఒక్కసారే. రెండేండ్లు బీమాలో ఉండాలె, పని పోకముందటి చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలె. మనోళ్లు జారిపడేది ఈ మెట్టు మీదనే. ఊడ్చేటోళ్లు, క్యాంటీన్‌లో గిన్నెలు తోమేటోళ్లు, మూటలెత్తేటోళ్లు ఎక్కువగా కాంట్రాక్టు మనుషులే. కొందరు కాంట్రాక్టర్లు జీతంలో చందా కోస్తరు, ఆఫీసులో కట్టరు.

మౌలాలి హెచ్‌ఎంటీ బేరింగ్స్ మీకెరికే. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం మూసెయ్యాలని నిర్ణయించింది. ఉద్యోగులకు 2007 నాటి జీతాల లెక్కన స్వచ్ఛంద విరమణ అన్నరు. ఫ్యాక్టరీయే మూస్తుంటే ఇంక ఎవరి స్వచ్ఛందం? పైకం మనిషికి ముట్టింది, నిజమే. రిజర్వేషన్ పోస్టు మాత్రం గేటుతోపాటే పోయింది. ఆ మనిషి కొడుకు ప్రైవేటు ఫ్యాక్టరీకి పోతే అక్కడ రిజర్వేషన్ లేదు.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. మునుపు 100 మంది పనిచేసే ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసెయ్యాలంటే సర్కారు అనుమతి కావాలె. ఆ లెక్కను 300కు పెంచిండ్రు. తీసేసినోళ్లకు కొత్త పని నేర్చుకునేందుకు 15 రోజుల జీతం, 45 రోజుల్లోగా ఖాతాలో వెయ్యాలన్నరు. కానీ కాంట్రాక్టు గడువు తీరి పోయినోణ్ణి చట్టం తీసేసినట్టే లెక్కపెట్టదు! అందుకే మన డిమాండు సూటిగా ఉండాలె: సర్కారు భూమి, రాయితీ తీసుకున్న ప్రతి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికునికి కూడా పని పోయినప్పుడు సాయం అందాలె.

అప్పటిదాకా ఊరికాడి సంఘాలు ఒక పని చెయ్యాలె. పట్నం పనికి పోయే ప్రతి ఒక్కరి ఈఎస్‌ఐ నంబరు, కాంట్రాక్టరు పేరు, ఫ్యాక్టరీ పేరు, చేరిన తారీఖు ఒక నోటుబుక్కులో ఎక్కించుండ్రి. జీతం చీటీలు పారెయ్యొద్దు. నెలకోసారి చందా పడ్డదో లేదో చదువుకున్న పిల్లలతో చూపించుకోండి. పడకపోతే ఆ నెలలోనే ఈఎస్‌ఐ ఆఫీసులో కాయితం పెట్టి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.