పాత బండి కింద తుప్పు

పాత బండి కింద తుప్పు కనబడగానే చాలామంది రంగు డబ్బా వెతుకుతారు. చూడాల్సింది రంగు కాదు, ఇనుము ఎంత మిగిలిందని. 'హైదరాబాద్‌లోని మౌలాలికి, తార్నాకకు సముద్రం ఎంత దూరం? మనకు తుప్పేమిటి?' అనవచ్చు. నిజమే, ఉప్పుగాలి తగిలే విశాఖలో తుప్పు త్వరగా పడుతుంది. కానీ తుప్పుకు ఉప్పే అక్కర్లేదు. నీరు, గాలి చాలు. వాననీళ్లలో నడిచిన బండి పైన గంటలో ఆరుతుంది. కింద స్ప్రింగ్ కూర్చునే చోట చేరిన బురద మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. రాళ్లు తగిలి రంగు ఊడిన చోట తుప్పు తిని చిన్న గుంట పడుతుంది. స్ప్రింగ్ వంగి లేచిన ప్రతిసారీ ఒత్తిడి ఆ గుంట దగ్గరే పేరుకుంటుంది. కాయిల్ స్ప్రింగ్ తరచూ కింది చుట్టులోనే విరగడానికి కారణం అదే.

'గీకి రంగేస్తే చాలదా?' పైపొర తుప్పయితే చాలు. పెచ్చులుగా రాలుతుంటే, స్క్రూడ్రైవర్ పొడిస్తే దిగుతుంటే చాలదు. ఆ భాగం మార్చాల్సిందే. స్ప్రింగ్‌కు వెల్డింగ్ వద్దు, ఆ వేడికి ఉక్కు గుణమే మారిపోతుంది. ఒక పక్కది మారిస్తే రెండో పక్కదీ మార్చాలి. ఖర్చే, కాదనను. అమ్మకానికొచ్చిన పాత కారు కింద మెరిసే కొత్త నల్లరంగు కనిపిస్తే మాత్రం నాకు అనుమానమే. 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగింపప్పుడు తనిఖీ ఉంటుందిగా అని ఆగకండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి మెకానిక్ దగ్గర బండిని లిఫ్ట్ ఎక్కించి, కడిగించి చూడండి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి.