ఫ్యూజు చెప్పే మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరుని. పిల్లల చదువు గురించి గురువుల ముందు మాట్లాడే అర్హత నాకు లేదు. అయితే ఆ విషయంలో ఒక తప్పు చేసి, దిద్దుకునే అవకాశం మళ్ళీ దొరికినవాణ్ణి. ఆ చొరవతోనే నాలుగు మాటలు చెబుతాను.

మా మనవడికి ఐదేళ్ళు. బస్సు నంబర్లు చదువుతాడు. మెట్లు రెండేసి చొప్పున లెక్కపెడతాడు. పలక తీస్తే మాత్రం మంచం కిందికి దూరి "రాయను" అంటాడు. చాక్లెట్ ఇస్తానన్నాను. రెండు రోజులు రాశాడు. మూడో రోజు "ఎన్ని ఇస్తావు?" అని బేరం పెట్టాడు.

1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు వేయడం ఇష్టమైన నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తర్వాత ఏ బహుమతీ లేకుండా పెన్నులు ముందు పెడితే, ఆ పిల్లలే తక్కినవాళ్ళకంటే తక్కువసేపు బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పని కూలిపని అయిపోయిందన్నమాట.

చాక్లెట్లు మానేసి, ఒక రాత్రి పక్కన పడుకోబెట్టుకుని అడిగాను. "తప్పు రాస్తే అమ్మ, ఇంత తెలివైనవాడివి ఇది కూడా రాదా అంటుంది తాతయ్యా" అన్నాడు.

ఆ మాట మా అమ్మాయిది కాదు. తన చిన్నప్పుడు నేను తనతో అన్నది. ఆ తర్వాత తను నా ముందు లెక్కల పుస్తకం తెరవడమే మానేసింది. నేను ఇంట్లో ఉంటే తలుపు వేసుకుని చదివేది. బాగా చదువుకుంటోందని మురిసిపోయాను.

ముల్లర్, డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే కనిపిస్తుంది. "తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లలు ఒకసారి తప్పగానే త్వరగా వెనకడుగు వేశారు. "కష్టపడ్డావు" అని మెచ్చుకున్నవాళ్ళు నిలబడ్డారు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావు తీగ చుట్టకూడదు. ఫ్యూజు నిలుస్తుంది గానీ లోపలి వైరింగ్ కాలిపోతుంది. లోడు ఎక్కడ ఎక్కువైందో వెతకాలి. చురుకైన పిల్లవాడు "రాయను" అంటే అది మొండితనమే కానక్కర్లేదు. వాడి ఫ్యూజు పోయిందేమో చూడాలి.

మర్నాడు నేనే పలక పట్టుకుని ఎడమచేత్తో 5 అంకె రాశాను. వంకరపోయింది. చెరిపి మళ్ళీ రాశాను. అదీ వంకరే. వాడు పగలబడి నవ్వి, "అలా కాదు తాతయ్యా" అంటూ బలపం లాక్కున్నాడు. ఇప్పటికీ కొన్నాళ్ళు రాయనంటాడు. ఆ రోజు పలక లోపల పెట్టేస్తాం. మా అమ్మాయికి మాత్రం, ఆ పాతమాటకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఈ బడిలో మా లెక్కల మాస్టారు బోర్డు మీద తప్పు చేస్తే, "ఎక్కడరా పొరబడ్డాను?" అని మమ్మల్నే అడిగి, నవ్వుతూ డస్టరుతో చెరిపేవారు. తప్పు చేస్తే పరువు పోదని ఆయన చూపించారు. నేను ఇంటికి తీసుకెళ్ళాల్సిన పాఠం అదే. ముప్పయ్యేళ్ళు ఆలస్యంగా తీసుకెళ్ళాను. మీరు ఈరోజే తీసుకెళ్ళండి.