పేరొకటే, బరువు వేరు – ఐసోటోపుల కథ



తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో పరమాణువు పాఠం చదివే పిల్లలు ప్రతి ఏడూ ఒకచోట తప్పక ఆగిపోతారు. క్లోరిన్ పరమాణు సంఖ్య 17. పరమాణు భారం 35.5. భారంలోంచి ప్రోటాన్ల సంఖ్య తీసివేస్తే న్యూట్రాన్ల సంఖ్య వస్తుందని అంతకుముందే చదివి ఉంటారు. 35.5 లోంచి 17 తీసేస్తే 18.5. మరి న్యూట్రానును సగానికి విరిచి అక్కడ ఎవరు పెట్టారని అడిగే పిల్లవాడో పిల్లో తరగతికి ఒకరైనా ఉంటారు. తక్కినవాళ్ళు ఆ సగం న్యూట్రానును అలాగే నోట్సులో రాసుకుని ఊరుకుంటారు. అడిగినవాళ్ళదే సరైన దారి. ఆ ప్రశ్న వెంట పోతే అది మన వంటింటి ఉప్పు డబ్బా దాకా, ఆసుపత్రిలో డాక్టరు రాసే చీటీ దాకా వస్తుంది. ఈ పూట ఆ దారిన కాసేపు నడుద్దాం.

పరమాణువును ఇక విడదీయలేమని 19వ శతాబ్దం చివరిదాకా నమ్మారు. 1897లో ఇంగ్లండులో జె.జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుక్కోవడంతో ఆ నమ్మకం పోయింది. తరవాత 1909లో మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను వదిలి చూశారు. చాలా కణాలు అక్కడ రేకే లేనట్టు దూసుకుపోయాయి. వేలల్లో ఒకటి మాత్రం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చింది. దీన్నిబట్టి 1911లో రూథర్‌ఫర్డ్ ఒక నిర్ణయానికి వచ్చాడు. పరమాణువులో చాలా భాగం ఖాళీయే. దాని బరువంతా నడిమధ్యన చిన్న ముద్దగా ఉంది. ఆ ముద్దే కేంద్రకం. ఎంత చిన్నదంటారా? మీ ఊరి బడి మైదానం రెండు వందల మీటర్లు ఉందనుకోండి. ఆ మైదానమంతా పరమాణువైతే, మధ్యలో ఉంచిన ఆవగింజ కేంద్రకం.

ఆ ఆవగింజలో రెండు రకాల కణాలున్నాయి. ధన విద్యుత్తు ఉన్న ప్రోటాన్లు, ఏ విద్యుత్తూ లేని న్యూట్రాన్లు. న్యూట్రానును 1932లో చాడ్విక్ కనుక్కున్నాడు. ఈ రెండింటి బరువూ ఇంచుమించు సమానం. బయట తిరిగే ఎలక్ట్రాను చాలా తేలిక. ఒక ప్రోటాను 1,836 ఎలక్ట్రాన్లతో సరితూగుతుంది.

ఇప్పుడు మన పాత వీధుల్లోని ఇళ్ళను ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ప్రతి ఇంటికీ డోర్ నంబరు ఉంటుంది. ముందు అరుగు, లోపల గదిలో భోషాణం ఉంటాయి. మూలకాల పట్టిక ఒక పెద్ద వీధి. అందులో ఇంటి నంబరు అంటే ప్రోటాన్ల సంఖ్యే. ఒక ప్రోటాను ఉంటే హైడ్రోజన్. ఆరు ఉంటే కార్బన్. 17 ఉంటే క్లోరిన్. నంబరు మారితే ఇల్లు మారినట్టే, మూలకం పేరు మారినట్టే. ఇక ఎలక్ట్రాన్లు ఆ ఇంటి అరుగు. ఎన్ని ప్రోటాన్లుంటే అన్ని ఎలక్ట్రాన్లుంటాయి. వచ్చేపోయేవాళ్ళతో మాటలూ బేరాలూ సాగేది అరుగు మీదే కదా. రసాయన చర్య అంటే అదే. ఒక పరమాణువు మరో పరమాణువుతో కలిసేదీ విడిపోయేదీ ఎలక్ట్రాన్ల ద్వారానే. లోపలి భోషాణంలో బరువెంత ఉందో అరుగు మీద కూర్చున్నవాడికి తెలియదు. న్యూట్రాన్లు ఆ భోషాణంలోని బరువు.

కాబట్టి ఒకే నంబరు గల ఇంట్లో, ఒకే అరుగుతో, భోషాణం బరువు మాత్రం తేడాగా ఉండే పరమాణువులు ఉండవచ్చు. వాటికే ఐసోటోపులని పేరు. 1913లో ఫ్రెడరిక్ సాడీ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి చెబుతూ మంచి పేరు కోసం వెతుకుతుంటే, మార్గరెట్ టాడ్ అనే లేడీ డాక్టరు గ్రీకు భాష నుంచి ఈ మాట అందించింది. ఐసోస్ అంటే సమానం, టోపోస్ అంటే చోటు. పట్టికలో ఒకే చోట కూర్చునేవి అని అర్థం. మన తెలుగు పుస్తకాల్లో సమస్థానీయాలు అంటారు. బడిలో ఒడియా మీడియంలో చదివే మన పిల్లలు సమస్థానిక అని చదువుతారు. బడిలో ఒక మాట, ఇంట్లో ఒక మాట అని పిల్లలు బెదరనక్కరలేదు. పరమాణువు రెండు భాషల్లోనూ పరమాణువే. సమ, స్థానం అన్న ముక్కలు రెండు చోట్లా అవే. ఇంటికి వచ్చాక ఆ మాట అర్థమేమిటో తెలుగులో ఒక్కసారి చెప్పించుకోండి. బడిలో విన్నది అప్పుడు మరింత గట్టిగా నిలుస్తుంది.

ఇక మన సగం న్యూట్రాను సంగతి. ప్రకృతిలో దొరికే క్లోరిన్ రెండు రకాల పరమాణువుల కలగలుపు. రెండింటిలోనూ ప్రోటాన్లు 17. ఒకదానిలో న్యూట్రాన్లు 18, మొత్తం 35. రెండోదానిలో న్యూట్రాన్లు 20, మొత్తం 37. సుమారుగా ప్రతి నాలుగు పరమాణువుల్లో మూడు 35వి, ఒకటి 37ది. మూడు ముప్ఫైఅయిదులు 105. దానికి 37 కలిపితే 142. నాలుగుతో భాగిస్తే 35.5. అంటే అది సగటు. జనాభా లెక్కల్లో ఇంటికి రెండున్నర పిల్లలు అని తేలితే ఎవరింట్లోనైనా అర పిల్లవాడు తిరుగుతాడా? అలాగే 35.5 బరువున్న క్లోరిన్ పరమాణువు ఈ లోకంలో ఒక్కటీ లేదు. విద్యార్థులు గుర్తుంచుకోవలసింది ఇది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి లెక్కపెట్టగా వచ్చేది ద్రవ్యరాశి సంఖ్య. అది ఎప్పుడూ పూర్ణాంకమే. పట్టికలో కనిపించే పరమాణు భారం ప్రకృతిలోని ఐసోటోపుల సగటు. న్యూట్రాన్లు లెక్కించాలంటే ద్రవ్యరాశి సంఖ్యలోంచి పరమాణు సంఖ్యను తీసివేయాలి. సగటులోంచి తీసివేయకూడదు.

అరుగు ఒక్కటే గనుక ఐసోటోపుల రసాయన గుణాలు ఒక్కలాగే ఉంటాయి. హైడ్రోజన్ విషయంలో మాత్రం తేడా కాస్త పైకి కనిపిస్తుంది. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక్క ప్రోటానే. దానికి ఒక న్యూట్రాను చేరితే బరువు ఒక్కసారిగా రెట్టింపవుతుంది. అదే డ్యుటీరియం. 1931లో అమెరికాలో యూరీ దాన్ని కనుక్కున్నాడు. గోపాల్‌పూర్ తీరాన నిలబడి దోసిట్లోకి సముద్రపు నీళ్ళు తీసుకోండి. అందులోని హైడ్రోజన్ పరమాణువుల్లో ఇంచుమించు 6,400కి ఒకటి డ్యుటీరియమే. డ్యుటీరియంతో అయిన నీరు భారజలం. అది 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఆ గడ్డను మామూలు నీళ్ళలో వేస్తే తేలదు, మునుగుతుంది. మన దేశపు అణు విద్యుత్ కేంద్రాల్లో చాలావాటికి ఈ భారజలం కావాలి. అందుకనే ఒడిశాలో తాల్చేరులోనూ, తెలంగాణలో మణుగూరులోనూ భారజల కర్మాగారాలు నెలకొల్పారు.

ఇంతవరకు చెప్పినవి నెమ్మదిగా ఉండే ఐసోటోపులు. కొన్ని అలా ఉండలేవు. ప్రోటాన్లకూ న్యూట్రాన్లకూ పొత్తు కుదరక కేంద్రకం నిలవలేకపోతుంది. కొంత శక్తినీ కణాలనూ బయటికి విసిరి మరో రూపానికి మారుతుంది. ఇవే రేడియోధార్మిక ఐసోటోపులు.

అయొడిన్‌నే తీసుకోండి. ఇంటి నంబరు 53. మనం వంటలో వేసే అయొడిన్ ఉప్పులో ఉండేది 127 ద్రవ్యరాశి సంఖ్య గలది. అది ఎన్ని యుగాలైనా చెక్కుచెదరదు. అయొడిన్ 131 అనేది మరొకటి ఉంది. అందులో నాలుగు న్యూట్రాన్లు ఎక్కువ. దాని కేంద్రకంలో ఒక న్యూట్రాను ప్రోటానుగా మారుతుంది. నంబరు 53 కాస్తా 54 అవుతుంది. అయొడిన్ పోయి జెనాన్ అనే వాయువు మిగులుతుంది. ఆ మార్పులో కిరణాలు వెలువడతాయి.

మన గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉంది. రక్తంలోని అయొడిన్‌ను లాక్కోవడం దాని పని. అది చూసేది అరుగునే. వచ్చింది 127నో 131నో దానికి తెలియదు. ఈ తెలియకపోవడమే వైద్యులకు సాయమైంది. గ్రంథి అతిగా పనిచేస్తున్నా, అందులో కాన్సర్ ఉన్నా, అయొడిన్ 131ని మందుగా ఇస్తారు. అది తిన్నగా పోయి గ్రంథిలో చేరి అక్కడి చెడ్డ కణాలను చంపుతుంది. 1941లో అమెరికాలో మొదలైన ఈ వైద్యం ఇప్పుడు మన దేశంలోనూ జరుగుతోంది.

ఆ తెలియకపోవడమే మరోచోట చేటు తెచ్చింది. 1986లో చెర్నోబిల్ ప్రమాదంలో గాలిలోకి పోయిన అయొడిన్ 131 గడ్డి మీద పడింది. గడ్డి నుంచి ఆవు పాలలోకి, పాల నుంచి పిల్లల గొంతుల్లోకి చేరింది. ఆ ప్రాంతాల్లో వేలమందికి తరవాతి ఏళ్ళలో థైరాయిడ్ కాన్సర్ వచ్చింది. పక్కనున్న పోలండు దేశం వెంటనే సుమారు కోటిమంది పిల్లలకు మామూలు అయొడిన్ మందు తాగించింది. గ్రంథి ముందే మంచి అయొడిన్‌తో నిండి ఉంటే చెడ్డదానికి చోటుండదు. ఈ ఉపాయానికి ఆధారం మన ఐసోటోపుల పాఠమే.

ఇక్కడ ఇళ్ళలో పెద్దలకు ఒక మాట. అయొడిన్ 131 తీసుకున్న రోగి ఇంటికి వచ్చినప్పుడు కొద్ది రోజులు పిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండమనీ, విడిగా పడుకోమనీ, కంచం విడిగా పెట్టమనీ డాక్టర్లు చెబుతారు. అది నిజంగా అవసరమే. ఉమ్మిలో, మూత్రంలో కొంత అయొడిన్ బయటికి వస్తుంది. అయితే ఇది అంటురోగమూ కాదు, ఎవరి పాపమూ కాదు. దీనికొక లెక్క ఉంది. అయొడిన్ 131 ఎనిమిది రోజుల్లో సగమవుతుంది. దీన్నే అర్ధాయువు అంటారు. పదహారు రోజుల్లో పావు. ఇరవైనాలుగు రోజుల్లో అరపావు. ఎనభై రోజుల్లో వెయ్యో వంతుకు పడిపోతుంది. ఒంట్లోంచి బయటికి పోయేదాన్ని కూడా కలుపుకుంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. డాక్టరు చెప్పిన గడువు తీరాక ఆ మనిషిని యథాప్రకారం పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించవచ్చు. ఆ గడువు దాటాక కూడా ఆ ఇంటి కోడలినో కూతురినో విడి కంచం దగ్గరే ఉంచితే, ఆ దూరం మన భయం పెట్టినదే. రోగం నయమైనా ఆ భయం మనిషిని కుంగదీస్తుంది.

అన్ని ఐసోటోపులకూ గడువు ఇంత చిన్నది కాదు. మన గంజాం జిల్లా ఛత్రపురం ఇసుకలోని మోనజైట్ ఖనిజంలో ఉన్న థోరియం 232 సగం కావడానికి సుమారు 1,400 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇంత నిదానంగా మారేది ఏ క్షణానికి ఆ క్షణం వెలువరించే కిరణాలు తక్కువ. నడిమధ్యన ఉన్నవాటితోనే జాగ్రత్త మరీ అవసరం. కోబాల్ట్‌లో 59 మన ఒంటికి కావలసిన బి 12 విటమినులో ఉంటుంది. ఒక్క న్యూట్రాను చేరిన కోబాల్ట్ 60 అర్ధాయువు అయిదేళ్ళ పైచిలుకు. ఆసుపత్రిలో నిపుణుల చేతిలో అది కాన్సరుకు మందు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో పాత ఇనుము దుకాణాలకు వచ్చిన ఒక పాత పరికరంలో ఈ కోబాల్ట్ 60 ఉంది. సంగతి తెలియక దాన్ని విప్పి ముక్కలు చేశారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. పాత సామాను కొనేవాళ్ళు, విప్పేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు ఉన్న పెట్టెగాని సీసపు దిమ్మెగాని కనిపిస్తే చెయ్యి పెట్టకండి. దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి. ఆ గుర్తు ఎలా ఉంటుందో పిల్లల చేత కాగితం మీద గీయించి ఇంట్లో అందరికీ చూపించమనండి.

కాబట్టి అయొడిన్ అనో కోబాల్ట్ అనో పేరు వినగానే భయపడవద్దు, పేరు వినగానే ధీమాగానూ ఉండవద్దు. పేరు చెప్పేది ప్రోటాన్ల సంగతి మాత్రమే. పేరు పక్కన ఉన్న అంకె ఎంత, అది నిలిచేదా మారేదా, మారేదైతే ఎన్నాళ్ళలో సగమవుతుంది అని అడగడం నేర్చుకుంటే చాలు.

చివరగా విద్యార్థులకు ఒక చిన్న లెక్క. మీ ఇంట్లో రాగి చెంబు ఉంటే ముందు పెట్టుకోండి. రాగి పరమాణు సంఖ్య 29. ప్రకృతిలో దాని ఐసోటోపులు రెండే, 63, 65. పట్టికలో పరమాణు భారం సుమారు 63.5. ఒక్కొక్కదానిలో న్యూట్రాన్లు ఎన్ని? మీ చెంబులో ఏ ఐసోటోపు ఎక్కువ ఉంది? జవాబుకు పుస్తకం తిరగేయనక్కరలేదు. ఇంతసేపూ మనం చెప్పుకున్నదే చాలు. జవాబు రాగానే ఇంట్లో అమ్మకో నాన్నకో అది ఎలా వచ్చిందో మీ మాటల్లో చెప్పండి.